మాకేం లోటు లేదండీ

మా అత్తగారిని మంచం మీంచి ఎత్తడానికి గవర్నమెంటు మనిషిని పంపిస్తుందని మా ఊరి నర్సమ్మ మొదటిసారి చెప్పినప్పుడు నేను గేటు సగమే తీసి మాట్లాడాను. ఊరికే వచ్చేదంటే నాకు పడదు. ఉచితంగా కళ్ళు చూస్తామని వచ్చి, చూడటం అయ్యాక, జోడు కొనకపోతే చూపు పోతుందని బెదిరించి వెళ్ళినవాళ్ళని చూశాను. ఉచితంగా గ్యాస్ పొయ్యి బాగుచేస్తానని వచ్చినవాడు బాగున్న పొయ్యిని పాడుచేసి పోయాడు. అందుకని నర్సమ్మ చెబుతున్నంతసేపూ నేను ఆవిడ మొహం చూడలేదు. భుజాన ఉన్న సంచీ చూస్తున్నాను, అందులోంచి ఏం తీస్తుందోనని.

“అంతా ఫ్రీయేనండి. మంచం మీదున్న పెద్దోళ్ళ ఇంటికి పొద్దున్నే ట్రైనింగయిన మనిషి వస్తుందండి. స్నానం చేయిస్తుంది, బట్టలు మారుస్తుంది, కుర్చీలో కూర్చోబెడుతుంది. ఇంట్లో చూసుకునేవాళ్ళకి ఒంట్లో బాగోపోతే కొన్నాళ్ళు ఇక్కడే ఉండిపోతుందండి కూడాను. జీతం గవర్నమెంటే ఇస్తుంది.”

“మరి గవర్నమెంటుకేంటండి లాభం?”

నర్సమ్మ నోరు తెరిచి నన్ను చూసింది. “బాగుందండీ! మీకు లాభం చెబుతుంటే గవర్నమెంటు లాభం అడుగుతారేంటండి?”

అడగనా మరి? ఈ కాలంలో సొంత తోడబుట్టినవాళ్ళే ఉత్తినే ఒక చెయ్యి వెయ్యరు. ఎక్కడో ఉన్న గవర్నమెంటుకి మా అత్తగారి స్నానం మీద అంత శ్రద్ధ ఎందుకొచ్చిందో నాకు అంతుపట్టలేదు. అయినా ఆ రోజు ఆవిణ్ణి పంపించెయ్యకుండా గేటు పూర్తిగా తీసి లోపలికి రమ్మన్నాను. నాకు గతిలేదు. అసలు సంగతి అది.

మాది కొత్తపేట నుంచి పలివెల వెళ్ళే దారిలో కాలవ గట్టు మీది ఇల్లు. వెనకాల కాస్త కొబ్బరితోట. రెండూ అత్తగారి పేరనే ఉన్నాయి. మావారు మస్కట్‌లో లారీ తోలి, ఇంక చాలని ఇంటికొచ్చేసి, స్థిమితంగా కూర్చున్న కొన్నాళ్ళకే గుండె ఆగి పోయారు. మాకు పిల్లలు కలగలేదు. ఆ ఇంట్లో మిగిలింది నేనూ, మా అత్తగారూ. ఎనభై దాటిన మనిషి. పెరట్లో బోరు దగ్గర నాచు మీద జారి తుంటి విరగ్గొట్టుకున్నారు. రాడ్డు వేశారు గానీ ఆవిడ మళ్ళీ కాలు కింద మోపలేదు. మంచం మీంచి కుర్చీకి, కుర్చీలోంచి మంచానికి, రోజంతా నేనే ఎత్తాలి. మనిషి సన్నగానే కనబడతారు. ఎత్తి చూస్తే తెలుస్తుంది, నీళ్ళు నింపిన గంగాళం.

అలా ఎత్తగా ఎత్తగా నా బొడ్డు పక్కన ఒక ఉబ్బు లేచింది. మొదట నిమ్మకాయంత. దగ్గితే బయటికొచ్చేది, పడుకుంటే లోపలికి పోయేది. తర్వాత పడుకున్నా పోవడం మానేసింది. అమలాపురంలో డాక్టరమ్మ చూసి హెర్నియా అంది. “ఆపరేషన్ చేయించుకోవాలమ్మా. ఆలస్యం చేస్తే పేగు అందులో ఇరుక్కుని ప్రాణం మీదకొస్తుంది. చేయించుకున్నాక మాత్రం నెలల తరబడి బరువెత్తకూడదు,” అంది. నేను నవ్వాను. బరువెత్తకపోతే మా ఇంట్లో పొద్దు పొడవదు కదా. డాక్టరమ్మ నవ్వలేదు. “నవ్వే విషయం కాదమ్మా ఇది. మిమ్మల్ని అర్ధరాత్రి ఎవరు తీసుకొస్తారు?” అని అడిగింది. ఇంటికొచ్చి అత్తగారికి చెప్పాను, ఆపరేషన్ చెయ్యాలంటున్నారని. “ఊఁ” అని అటు తిరిగి పడుకున్నారు.

మా ఆడపడుచు రాజోలు దగ్గర ఉంటుంది. తల్లిని కొన్నాళ్ళు తీసుకెళ్ళమంటే, వాళ్ళ పడగ్గది మేడ మీదంది. సరే, వచ్చి నాలుగు రోజులు ఉండమంటే మోకాళ్ళు చూపించింది. పోనీ జీతం ఇచ్చి మనిషిని పెట్టుకుందామా అంటే, వంటకి వచ్చేవాళ్ళు ఉన్నారు గానీ మంచం మీది మనిషికి చేస్తామనేవాళ్ళు మా చుట్టుపక్కల దొరకలేదు. కాబట్టి నర్సమ్మ మాట మీద నమ్మకం ఉన్నా లేకపోయినా, ఆ గవర్నమెంటు మనిషి వస్తేనే నాకు ఆపరేషన్. రాకపోతే లేదు. అంత కచ్చితం.

ఆధార్ కార్డులు ఇచ్చాం. సచివాలయం నుంచి ఒకతను ట్యాబ్ పట్టుకొచ్చి అత్తగారి వేలిముద్ర వేయించుకున్నాడు. ఫలానా రోజున డాక్టరుగారు ఇంటికొచ్చి చూస్తారు, ఆవిడ ఔనంటే మనిషిని పంపుతారు, అన్నాడు.

ఆ ముందురోజు సాయంత్రం మా ఆడపడుచు దిగింది. చేతిలో కజ్జికాయల డబ్బా. ఎప్పుడూ రాని మనిషి, పండగా పబ్బమూ లేకుండా కజ్జికాయలు చేసుకొచ్చిందంటేనే ఏదో ఉందనిపించింది నాకు. కాళ్ళు కడుక్కుని కూర్చోగానే అడిగింది:

“అమ్మచేత వేలిముద్ర వేయించేవంట కదా. దేనికి?”

“గవర్నమెంటు మనిషి కోసం వదినగారూ. చెప్పేను కదా ఫోనులో.”

“మనిషి కోసం వేలిముద్రెందుకు? మనిషి వస్తే ఇల్లెవరిదవుద్ది?”

“ఇల్లెవరిదవుతుందండీ? ఇల్లు ఇల్లే.”

“ఆయ్, అలాగేలే,” అంది నమ్మకుండా. మా ఆడపడుచు ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే రకం. రాత్రి తల్లి మంచం పక్కనే చాప వేసుకుని చాలాసేపు గుసగుసలాడింది. నేను వంటింట్లో గిన్నెలు మెల్లిగా తోముతూ చెవులు అటే పెట్టాను గానీ ఒక్క ముక్క వినబడితే ఒట్టు. పొద్దున్నే మొదటి ఆటోకి వెళ్ళిపోయింది.

ఇక డాక్టరుగారు వచ్చే రోజు మా ఇంట్లో జరిగిన హడావుడి చెప్పాలి. మా వైపు ఇంటికి మనిషొస్తున్నాడంటే, వాడు జప్తుకి వచ్చే అమీనా అయినా సరే, ముందు వాకిలి కడగాలి, తర్వాత బొండం కొట్టాలి. వేరే దారి మాకు తెలియదు. తెల్లవారకుండానే గది కడిగాను. కమోడ్ కుర్చీ తీసుకెళ్ళి పెరట్లో దాచాను. దుప్పట్లు మార్చాను, ఫినాయిల్ వాసన పోవడానికి సాంబ్రాణి వేశాను. అత్తగారు మంచం మీంచే పెత్తనం.

“ఆ బండారులంక చీర తియ్యి. గంజి పెట్టింది.”

“అంత దూరం ఎందుకత్తయ్యా, వాళ్ళు చూసేది మీ కాళ్ళు.”

“కాళ్ళు చూడ్డానికొచ్చినోళ్ళు ఇల్లు చూడరా? ఫలానావాళ్ళింట్లో ముసల్దాన్ని ఇలా ఉంచేరని చెప్పుకోరూ? నీ పరువు కోసమే చెబుతున్నాను.”

అదీ నిజమే అనిపించింది. నా ఖర్మ కొద్దీ నిజమే అనిపించింది. స్నానం చేయించి, గంజి చీర కట్టి, జుట్టు దువ్వి ముడి వేసి, వెనకాల రెండు దిళ్ళు దోపి పడక్కుర్చీలో కూర్చోబెట్టాను. కాళ్ళ మీద శాలువా కప్పాను. ఆ రోజు ఆవిణ్ణి చూస్తే ఊళ్ళో పంచాయితీ చెప్పడానికి కూర్చున్నట్టున్నారు తప్ప తుంటి విరిగిన మనిషిలా లేరు. ఎత్తి కూర్చోబెట్టేసరికి నా పొట్టలో సూదులు గుచ్చినట్టయింది. పైకి మాత్రం చక్కగా నవ్వుతూ గుమ్మంలో నిలబడ్డాను.

డాక్టరుగారు, నాకే కూతురుంటే ఆ వయసుండేది. ఆవిడ వెనకాల నర్సమ్మా, ట్యాబ్ అబ్బాయీ. “రండి, రండి, కూర్చోండి. ఎండనపడి వచ్చేరు,” అని మా అత్తగారు కుర్చీలోంచే రెండు చేతులూ జోడించారు. నేను బొండాలు కొట్టించడానికి పెరట్లోకి పరిగెత్తాను. డొక్కలు చెక్కి, గ్లాసుల్లో పోసి, జంతికలు పళ్ళెంలో సర్ది తీసుకొచ్చేసరికి లోపల నవ్వులు. “మీ అత్తగారు భలే హుషారుగా ఉన్నారండి,” అంది డాక్టరుగారు గ్లాసు అందుకుంటూ. నేను గర్వంగా నవ్వాను. చూడండి, నవ్వానంట నేను!

వారం తిరక్కుండా ఫోనుకి మెసేజ్ వచ్చింది. అర్హత లేదు.

నర్సమ్మని రోడ్డు మీద పట్టుకున్నాను. “ఏమండీ, ఏం రాసేరు మాకు?”

“సొంతంగా లేవగలరని రాసేరండి. ఇంట్లో చూసుకోడానికి లోటు లేదని కూడాను.”

“సొంతంగానా? ఎవరు చెప్పేరు?”

“నాకు తెలీదండి. నేనప్పుడు అరుగు మీదున్నానండి, మీరిచ్చిన బొండం తాగుతా.”

ఆవిడ చూపు తప్పించినట్టు అనిపించింది నాకు. అంతే, బుర్రలో పురుగు దూరింది. ఈవిడకి ఏదో ముట్టాలి కాబోలు, అందుకే తిప్పుతోంది, అనుకున్నాను. మర్నాడు చక్కెరకేళీ అత్తం ఒకటి కోయించి వాళ్ళింటికి పట్టుకెళ్ళాను. నర్సమ్మ మొహం ఎర్రగా అయిపోయింది. “ఏంటండీ ఇది? నేనేవైనా అడిగేనా మిమ్మల్ని? తీసుకెళ్ళిపోండి,” అంది. అరటిపళ్ళు చంకనేసుకుని వీధంతా చూస్తుండగా తిరిగొచ్చాను. అయినా నా అనుమానం చావలేదు. ఇంత చిన్నది తీసుకోనిది ఇంకెంత పెద్దది అడుగుతుందో అనుకున్నాను. నా బుద్ధి అలాంటిది, ఏం చెయ్యను.

తర్వాత అనుమానం కజ్జికాయల మీదకి మళ్ళింది. ఎంత ఆలోచించినా లెక్క అక్కడికే వచ్చింది. వేలిముద్ర పడితే ఇల్లు నా పేర పడుతుందని మా ఆడపడుచు భయం. రాత్రంతా తల్లి చెవిలో నూరిపోసింది, లేకపోతే వాళ్ళకి తెలిసినవాళ్ళ చేత పైన చెప్పించింది. ఫోను చేశాను.

“వదినగారూ, మీరు ఎవరికైనా ఏదైనా చెప్పేరా?”

“ఏం చెబుతాను? ఎవరికి?”

“మనిషిని పంపొద్దని.”

“నేనా? నాకేం పని? అంటే నేను మా అమ్మకి చెడు చేసేనంటావా?” అంటూ అందుకుంది. అటుపక్క వాళ్ళాయన, మా అన్నయ్యగారు, “ఏంటి, ఏంటి” అని అడుగుతుండటం వినబడుతోంది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుంది ఈవిడ వరస, అనుకున్నాను. అనుకుని ఊరుకోకుండా అనేశాను కూడా. ఫోను పెట్టేసింది. మంచం మీంచి అత్తగారు అంతా వింటున్నారు. కూతుర్ని అన్ని మాటలంటే ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. అది నాకు వింతగానే తోచింది గానీ, కోపంలో ఉన్నదాన్ని, పట్టించుకోలేదు.

ఆ నెలాఖరులో ఒక మధ్యాహ్నం ఉబ్బు గట్టిపడిపోయి, నొప్పికి నేను వంటింటి గచ్చు మీదే పడుకుండిపోయాను. వేడినీళ్ళ సీసా పెట్టి, అటూ ఇటూ ఒత్తుకుంటే చాలాసేపటికి మెత్తబడింది. నాకు చచ్చే భయం వేసింది. నేను పోతే పోయాను, లోపల ఆవిణ్ణి మంచం దింపేది ఎవరు? మర్నాడే పక్కింటావిణ్ణి కాస్త కూర్చోమని బతిమాలి, బస్సెక్కి అమలాపురం ఆఫీసుకి వెళ్ళాను. అక్కడున్నాయన మర్యాదస్తుడు. కుర్చీ చూపించి అంతా విన్నాడు.

“మళ్ళీ చూపిస్తామండి. కాపోతే ఈసారి చెప్పకుండా వస్తారు.”

“చెప్పకుండా ఎందుకండి?”

“చెప్పొస్తే కొందరు అన్నీ సర్దేస్తారండి.”

నాకు ఒళ్ళు మండింది. లేవగలిగినవాళ్ళని లేవలేనట్టు సర్దేవాళ్ళని దృష్టిలో పెట్టుకుని అన్నాడాయన. మేం సర్దింది తిరగేసి! లేవలేని మనిషిని లేవగలిగినట్టు సర్ది, సాంబ్రాణి వేసి మరీ చూపించాం. ఆ మాట ఆయనకి ఎలా చెప్పను? చెబితే మాత్రం నమ్ముతాడా? దణ్ణం పెట్టి వచ్చేశాను.

వాళ్ళు వచ్చిన పొద్దున వాన తుంపర పడుతోంది. పక్కలోనే పోసుకుని అత్తగారి బట్టలు తడిసిపోయాయి. వాటిని మార్చడానికి ఆవిణ్ణి సగం లేపి నా భుజానికి ఆన్చుకున్నాను. జుట్టు విరబోసుకుని ఆవిడ, చీర మోకాళ్ళ దాకా దోపుకుని నేను. తలెత్తి చూస్తే గుమ్మంలో ఆ డాక్టరుగారూ నర్సమ్మా. సిగ్గుతో ప్రాణం పోయింది గానీ, మనసులో ఒక మూల, హమ్మయ్య, ఇప్పుడు కళ్ళతో చూశారు కదా, అనుకున్నాను.

డాక్టరుగారు మంచం దగ్గరికొచ్చి వంగింది. “మామ్మగారూ, మీరంతట మీరు లేవగలరా?”

“ఆయ్, లేవగలనండి,” అన్నారు మా అత్తగారు.

నా చెవులు నేనే నమ్మలేకపోయాను.

“మాకేం లోటు లేదండీ. మా కోడలు లక్షణంగా చూసుకుంటుంది. మనిషీ గినిషీ మాకక్కర్లేదండి. పాపం ఎవరైనా లేనోళ్ళకి పంపించండి.”

“అత్తయ్యా!”

“నువ్వుండు. కావాలంటే చూడండి,” అని మంచం పట్టీ పట్టుకుని, మంచి కాలు కిందకి జార్చి, నిజంగానే లేవబోయారు. లేవడం ఎక్కడ! చెయ్యి జారింది, మనిషి పక్కకి ఒరిగిపోయారు. తల గోడకి తగిలేదే. నేను ఎలా దూకానో నాకే తెలియదు, రెండు చేతులూ చంకల్లో వేసి పట్టుకుని వెనక్కి లాగాను. నా పొట్టలో ఏదో పటుక్కుమంది. ఆవిణ్ణి మంచం మీదకి చేర్చి నేను కింద కూలబడ్డాను.

డాక్టరుగారు ఇక మా అత్తగారిని చూడలేదు. నన్ను అక్కడే గచ్చు మీద పడుకోబెట్టి పొట్ట నొక్కి చూసింది. “ఇదెన్నాళ్ళ నించండీ? మీకు చెప్పలేదా ఎవరూ?” అని కేకలేసింది. తర్వాత లేచి నిలబడి మంచం వైపు తిరిగింది. “పోయినసారి కూడా మీరే కదా మామ్మగారూ చెప్పేరు, కోడలు పక్కింటికెళితే లేచి కూర కూడా వండుకుంటానని? నేను నవ్వులాటకి అంటున్నారేమోనని రెండుసార్లు అడిగేను మిమ్మల్ని.”

మా అత్తగారు తలుపు వైపు చూస్తున్నారు. నర్సమ్మ నా వైపు చూస్తోంది. నేను గచ్చు మీద వెల్లకిలా పడుకుని దూలాలకేసి చూస్తూ ఉండిపోయాను. కజ్జికాయలూ, చక్కెరకేళీ, ఫోనులో అన్న మాటలూ, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. ఊరందర్నీ అనుమానించాను. మంచం మీది మనిషిని వదిలేశాను.

ఔననే రాసుకుని వెళ్ళారు వాళ్ళు. గేటు చప్పుడు ఆగాక అడిగాను.

“ఎందుకలా చెప్పేరు?”

ఆవిడ దుప్పటి అంచు సర్దుకున్నారు.

“అత్తయ్యా, మిమ్మల్నే. నేను చచ్చిపోతే మీకేం కలిసొస్తుంది?”

“చావడమెందుకు? కాకినాడలో మీ అక్క దగ్గరికెళ్ళి సుఖంగా ఉంటావు.”

“ఆపరేషన్‌కి వెళతానన్నానండీ!”

“ఆపరేషనని చెప్పి వెళ్ళినోళ్ళు మన వీధిలో ఎవరొచ్చేరే తిరిగి?”

అది నిజం. మా వైపు కోడళ్ళు పోట్లాడి వెళ్ళరు. వీధిన పడి జుట్లు పట్టుకోరు. మర్యాదగా వెళతారు. ఎదురింటి పెద్దకోడలు గర్భసంచి ఆపరేషన్ అని కాకినాడ వెళ్ళింది. అందరికీ చెప్పి, అత్తగారి కాళ్ళకి దణ్ణం పెట్టి వెళ్ళింది. అక్కడే కాపురం పెట్టేసింది. కాలవ అవతలి ఇంటావిడ కంటి ఆపరేషన్ అంది. ఎవరూ నిలదియ్యరు, ఎవరూ తప్పు పట్టరు. “పాపం, ఇంకా కోలుకోలేదంటండి,” అని ఏళ్ళ తరబడి అందరూ అందరికీ చెప్పుకుంటారు. అత్తగారి పరువు దక్కుతుంది, కోడలి పరువూ దక్కుతుంది. వీధిలో ప్రతి ముసలావిడకీ ఆపరేషన్ అన్న మాటకి అర్థం అదే.

“నువ్వు మర్యాదైనదానివి. పోట్లాడి వెళ్ళవు,” అన్నారావిడ. “మనిషొచ్చేదాకా ఉంటావు. వచ్చేక వెళతావు. నీకిక్కడేవుంది? వాడూ లేడు, పిల్లా జెల్లా లేరు.”

నాకు జాలి వేసిందని రాస్తే బాగుంటుంది. వెయ్యలేదు. ఒళ్ళంతా కోపం. ఇన్నాళ్ళు ఎత్తానే, ఒక్కపూట మీ పక్క తడిగా ఉంచలేదే, అది చాలలేదా నమ్మడానికి? అదే అడిగాను గట్టిగా. ఆవిడ కొంగు మొహం మీదకి లాక్కున్నారు.

ఆ తర్వాతి సోమవారం మనిషి వచ్చింది. కె.గంగవరం వైపు అమ్మాయి, ముప్ఫై ఉంటాయేమో. వచ్చీరాగానే చేతులు కడుక్కుంది, అత్తగారి పాదాలకి నమస్కారం పెట్టింది. నేను వెనకాలే తిరిగాను, బీరువా తాళాలు జాకెట్టులో దోపుకుని. టీ ఇస్తే, పని అయ్యాక తాగుతానంది. అది కూడా నాకు అనుమానమే. మా అత్తగారికైతే అనుమానం కూడా లేదు, కచ్చితంగా శత్రువే. ఆ అమ్మాయి చంకలో చెయ్యి వెయ్యబోతే కట్టెలా బిగుసుకుపోయి “కోడల్ని పిలు,” అన్నారు. ఆ వారమంతా ఆ అమ్మాయి పక్కన నిలబడి ఉండటం, నేను ఎత్తడం. గవర్నమెంటు జీతమిచ్చి మా ఇంటికి ప్రేక్షకురాల్ని పంపినట్టయింది.

ఇలా కాదని, ఆడపడుచుకి ఫోను చేసి, అన్న మాటలు వెనక్కి తీసుకుని, రమ్మని అడిగాను. వచ్చింది. వచ్చి “ఈసారి నన్నేమన్నా అన్నావంటే ఊరుకోను,” అని ముందే చెప్పి కూర్చుంది. ఆ ఇద్దరికీ అప్పగించి నేను కాకినాడ వెళ్ళాను. బయల్దేరేటప్పుడు అత్తగారు గోడ వైపు తిరిగి పడుకున్నారు.

ఆపరేషన్ అయిన రెండోరోజు ఆడపడుచు వీడియో కాల్ చేసింది. “అమ్మ చూపించమంటోంది. ఆస్పత్రేనా అని.”

ఫోను చుట్టూ తిప్పాను. సెలైన్ స్టాండూ, పక్క మంచాలూ చూపించాను. తెర మీద మా అత్తగారి మొహం సగమే కనబడుతోంది, ఒక కన్నూ ముక్కూ. ఆ కన్ను అన్నీ పరిశీలనగా చూసింది.

“ఫోనులో ఏదైనా చూపిస్తారు,” అని తెరలోంచి తప్పుకున్నారు.

ఆ అమ్మాయి ఎత్తితే ఎత్తించుకుంటున్నారుట, వేరే దిక్కులేక. అయితే ఒక్క మాట లేదు, చేతులు ఒంటికి ఆన్చి పెట్టుకుని, కొయ్యలా. అన్నం మాత్రం రెండు ముద్దలు. “అక్కగారింట్లో ఉందా? అయితే ఇక రాదు,” అని రోజూ అంటున్నారుట. డాక్టర్లు ప్రయాణం వద్దన్నన్నాళ్ళూ కాకినాడలో మా అక్కింట్లోనే ఉన్నాను. అక్క వేళకి అన్నం పెట్టింది, పడుకోనిచ్చింది. అక్కడ ఎవరినీ ఎత్తక్కర్లేదు. ఉండిపోవాలని అనిపించలేదా అంటే, అనిపించింది. ఎందుకు అబద్ధం? రోజూ అనిపించింది. అందుకే ఆవిడ మాట నాకు అంత మండింది.

తిరిగొచ్చిన మధ్యాహ్నం ఆటో గేటు దగ్గర ఆగితే ఆడపడుచు ఎదురొచ్చి సంచీ అందుకుంది. లోపలికి వెళ్ళాను. అత్తగారు చిక్కిపోయారు. నన్ను చూసి లేవబోయినట్టు తల కదిలింది. ఎలా ఉన్నావని అడగలేదు. వచ్చావా అని కూడా అనలేదు.

“కుట్లేవి?” అన్నారు.

“అమ్మా, ముందు దాన్ని కూర్చోనియ్యి,” అంది ఆడపడుచు.

“చూపించమను.”

నాకు చిర్రెత్తుకొచ్చింది. ఆడపడుచూ ఆ అమ్మాయీ చూస్తున్నారని కూడా చూడకుండా, మంచం పక్కకి వెళ్ళి చీర పక్కకి లాగాను. “చూసుకోండి. ఇంకా ఎవరినైనా పిలుస్తారా చూడ్డానికి?”

చూపు ఆనలేదు ఆవిడకి. చెయ్యి ఎత్తి తడిమారు. కుట్లు విప్పేసిన చోట చర్మం ఇంకా గరుగ్గా ఉంది. ఆ వేళ్ళు పైనించి కిందకి మెల్లిగా వెళ్ళాయి, చివరిదాకా వెళ్ళి మళ్ళీ పైకొచ్చాయి.

“ఇంత కోసేరా,” అన్నారు.

నేను చీర సర్దుకోబోతే చెయ్యి తియ్యలేదు.

“నేను ఎత్తించుకున్నందుకేనా ఇది?”

“కాదు లెండి,” అన్నాను. అబద్ధం. కోపంలో ఉన్నా ఎందుకో ఆ మాటే వచ్చింది. ఆవిడ నమ్మలేదు. జీవితంలో నేను చెప్పింది ఏది నమ్మారు గనక? కళ్ళల్లోంచి నీళ్ళు చెవుల వైపు కారిపోతున్నాయి, తుడుచుకోలేదు.

కాసేపటికి కుర్చీలోకి దింపాల్సిన వేళయింది. అలవాటు కదా, నా చేతులు వాటంతటవే ముందుకెళ్ళాయి. ఆవిడ నా చెయ్యి మీద ఛెళ్ళున కొట్టారు.

“పో అవతలికి! నీకేవైనా మతి ఉందా?” అని ఆ అమ్మాయి వైపు తిరిగారు. “నువ్వు రావే తల్లీ. నువ్వెత్తు. నన్ను గట్టిగా పట్టుకో, పడిపోతాను.”

ఆ అమ్మాయి వంగింది. మా అత్తగారు రెండు చేతులూ చాపి ఆ పిల్ల మెడ చుట్టూ వేసి, మొహం ఆ భుజం మీద పెట్టుకుని లేచారు. నేను గోడకి ఆనుకుని చూస్తూ నిలబడ్డాను, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక.